ఆమె సంతకం ఆమెదే

1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారిది రాజపాళయం. ఆయన పేరు ముందున్న ‘పి’ అక్షరం పూసపాటి. ‘ఎస్’ అంటే సంజీవి. తమిళనాడు దక్షిణ కొసన, పడమటి కనుమల పాదాల దగ్గర, కొన్ని వందల ఏళ్ళ కిందట వలస వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు భాషలో సగం మార్చుకున్నారు, వంటలో సగం మార్చుకున్నారు, చదువు పూర్తిగా తమిళంలోకి మార్చుకున్నారు. ఇంటిపేరును మాత్రం ఒక్క అక్షరంగా కుదించి పేరు ముందు దాచుకున్నారు. రాజపాళయంలోనూ, పక్కనే ఉన్న సేత్తూరులోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అయితే ఆ అక్షరం తరతరాలుగా నిలిచింది మగవాళ్ళ పేర్ల ముందే. అదే ఇంట్లో పుట్టిన ఆడపిల్ల పెళ్ళి పీటల మీద నుంచి లేచేసరికి ఆమె అక్షరం మారిపోతుంది. తండ్రి దానియేలు, కూతురు ఎస్తేరు అయితే తమిళ పద్ధతిలో ఆమె ‘డి. ఎస్తేరు’. సామ్యూల్‌ను పెళ్ళాడితే ‘ఎస్. ఎస్తేరు’. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో అయితే ఇనీషియల్ బదులు ఇంటిపేరే మారుతుంది. పద్ధతి వేరు, ఫలితం ఒక్కటే. అన్న పేరు అలాగే ఉంటుంది, చెల్లెలి పేరు మారుతుంది.

పెళ్ళి నిశ్చయమైన యువతులు ఈ మధ్య సంఘ కాపరులను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: పెళ్ళి తరువాత ఇంటిపేరు మార్చుకోవాలా? మార్చుకోకపోతే భర్తకు లోబడనట్టా? వాక్యం ఏం చెబుతోంది? ఈ ప్రశ్నను చిన్నదని కొట్టిపారేసేవారు ఉన్నారు. “పేరులో ఏముందమ్మా, సర్దుకుపో” అంటారు. పేరులో ఏమీ లేకపోతే అబ్బాయి సర్దుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే మాత్రం ఆ ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది. పేరులో ఏదో ఉంది కాబట్టే ఆ గొడవ.

మా జవాబు ముందే చెబుతున్నాం. పేరు మార్చుకోమని చట్టం చెప్పలేదు. దేవుని వాక్యమూ చెప్పలేదు. మార్చుకోవాలా, ఉంచుకోవాలా అన్నది ఆ స్త్రీ నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఆమె భయం లేకుండా తీసుకునేలా చూడటం సంఘం బాధ్యత. ఎందుకో వివరిస్తాం.

చట్టం చెప్పేది

క్రైస్తవ వివాహాలు మన దేశంలో 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరుగుతాయి. ఆ చట్టంలో ఎక్కడా భార్య భర్త ఇంటిపేరు తీసుకోవాలని లేదు. రిజిస్టరులో వధువు తన పేరుతోనే సంతకం చేస్తుంది. వరుడి సంతకానికి ఎంత విలువో ఆమె సంతకానికీ అంతే విలువ. అదే పాత చట్టం నమూనాలో తండ్రి పేరుకు గడి ఉంది, తల్లి పేరుకు లేదు. నూట యాభై ఏళ్ళు దాటినా మన గుడి రిజిస్టర్లలో చాలావాటికి ఆ లోటే కొనసాగుతోంది. కన్నతల్లి కూతురి పెళ్ళిలో కంటతడి పెట్టుకుంటూ ముందు వరసలో కూర్చుంటుంది. రిజిస్టరులో ఆమె ఉండదు.

పాస్‌పోర్టు విషయంలోనూ పాత భయాలు పెట్టుకోనక్కరలేదు. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలు సడలించి వివాహ ధ్రువపత్రం తప్పనిసరి కాదని ప్రకటించింది. తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలని చెప్పింది. పెళ్ళయిన స్త్రీలు పాస్‌పోర్టు కోసం పేరు మార్చుకోనక్కరలేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి కూడా చెప్పారు.

అసలు చిక్కు మార్చుకున్న తరువాత మొదలవుతుంది. పదో తరగతి మెమోలో ఒక పేరు, డిగ్రీ పట్టాలో అదే పేరు, ఆధార్‌లో కొత్త పేరు, బ్యాంకులో సగం పాతది సగం కొత్తది. ఉద్యోగానికి ధ్రువపత్రాలు చూపించే రోజున ‘ఈ ఇద్దరూ ఒకరే’ అని రుజువు చేసుకోవడానికి నోటరీ దగ్గరికీ గెజిట్ కార్యాలయానికీ తిరగాలి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోవచ్చు. ఒకసారి పెళ్ళికి వాడేస్తే మిగిలేది ఒక్కటే. ఆ తరువాత అచ్చుతప్పు దిద్దుకోవాల్సి వచ్చినా, దురదృష్టవశాత్తూ కాపురం నిలవకపోయినా కష్టమే.

వెనక్కి రావడం ఎంత కష్టమో చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. పెళ్ళికి ముందటి ఇంటిపేరును తిరిగి పెట్టుకోవాలంటే భర్త నుంచి నిరభ్యంతర పత్రమో, విడాకుల ఉత్తర్వో తేవాలన్న ప్రభుత్వ నోటిఫికేషన్‌ను 2024లో ఒక మహిళ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. భర్త పేరు పెట్టుకునేటప్పుడు ఆమె తండ్రి అనుమతి ఎవరూ అడగలేదు. సొంత పేరుకు తిరిగి వచ్చేటప్పుడు మాత్రం భర్త అనుమతి కావాలి. లోపలికి వెళ్ళడానికి తెరిచిన తలుపు, బయటికి రావడానికి తాళం. ఆచారం అని మనం తేలిగ్గా పిలిచేదానికి ఇంత బిగువు ఉంది.

మన తెలుగు నేల నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసు ఒకటి యువత తెలుసుకోవాలి. భర్త చనిపోయిన ఒక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని, తన బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టింది. మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. బిడ్డకు పాత ఇంటిపేరు తిరిగి పెట్టాలని, రికార్డుల్లో సొంత తండ్రి పేరు రాయాలని, అది కుదరకపోతే రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలని 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. తండ్రి లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని చెప్పింది. రోజూ బడిలో హాజరు పలికే పసివాడి మనసు మీద ఆ ‘సవతి’ అన్న మాట ఎంత బరువు వేస్తుందో కూడా ఆలోచించమంది. అంతకు ముందే, 1999లో, రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వు బ్యాంకు మీద వేసిన కేసులో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని అదే కోర్టు తేల్చింది. ఇంటిపేరు అంటే వంశాన్ని చూపే గుర్తు మాత్రమే కాదు, ఒక మనిషికి ఏ ఇంట్లో చోటు ఉందో చెప్పే మాట అన్న సంగతి ఈ తీర్పు చదివితే అర్థమవుతుంది.

ఈ ఆచారం ఎక్కడిది?

“ఇది దేవుడు నియమించిన క్రమం” అని కొందరు బోధకులు చెబుతారు. అలాగైతే ఒక ప్రశ్న. ఆ క్రమం రాష్ట్రం దాటితే ఎందుకు మారుతోంది? తమిళులకు ఇంటిపేరే లేదు. తండ్రి పేరే ఇనీషియల్, ప్రతి తరంలో అది మారుతుంది. ఐస్‌లాండ్‌లోనూ తండ్రి పేరో తల్లి పేరో చివర చేరుతుంది, పెళ్ళితో మారదు. కెనడాలోని క్యుబెక్‌లో 1981 నుంచి స్త్రీలు పుట్టినప్పటి పేరుతోనే కొనసాగాలన్నది చట్టం. గ్రీసులో 1983 నుంచి అంతే. జపాన్‌లో ఇందుకు భిన్నంగా భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండి తీరాలని సివిల్ కోడ్ చెబుతోంది. 2015లో, మళ్ళీ 2021లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ చట్టం భర్త పేరే కావాలని అనలేదు, అయినా పేరు మార్చుకునేవారు దాదాపు అందరూ స్త్రీలే. ఇన్ని దేశాల్లో ఇన్ని పద్ధతులున్న విషయాన్ని సృష్టిక్రమం అనడం సరికాదు. అది మనుషులు కట్టుకున్న ఆచారం. మనుషులు కట్టినదాన్ని మనుషులు పరిశీలించవచ్చు.

మన తెలుగు ఇళ్ళలో పెళ్ళితో గోత్రం, ఇంటిపేరు మారడం పాత పద్ధతి. దాని మీదికి దొరల కాలంలో ఇంకొక పొర చేరింది. భర్త పేరుకు ముందు ‘మిసెస్’ చేర్చి భార్యను పిలవడం మన మిషను కాంపౌండ్లలో గౌరవమైపోయింది. ఇప్పటికీ మన సంఘాల్లో వేదిక మీద “మిసెస్ ప్రభాకరరావు గారు ప్రార్థన చేస్తారు” అంటారు. ఆమె లేచి ప్రార్థన చేసి కూర్చుంటుంది. ఆమె పేరు ఆ ఉదయం ఎవరి నోటా పలకదు.

ఆ మర్యాద వెనక ఇంగ్లాండు న్యాయశాస్త్రం ఉంది. పెళ్ళితో భార్య న్యాయపరమైన ఉనికి భర్తలో కలిసిపోతుందని పద్దెనిమిదో శతాబ్దపు న్యాయవేత్త బ్లాక్‌స్టోన్ రాశాడు. ఆమె సంపాదన, ఆమె ఒప్పందాలు అన్నీ భర్తవే. మన దేశంలో క్రైస్తవ భార్య సంపాదన ఆమె సొంత ఆస్తి అని చెప్పడానికి 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం తేవలసి వచ్చింది. అమెరికాలో లూసీ స్టోన్ 1855లో పెళ్ళి చేసుకుని కూడా తన పేరు ఉంచుకుంది. 1879లో మసాచుసెట్స్‌లో స్త్రీలకు పాఠశాల కమిటీ ఎన్నికల్లో ఓటు వచ్చినప్పుడు, భర్త ఇంటిపేరుతో నమోదైతేనే ఓటు అన్నారు. ఆమె ఓటునైనా వదులుకుంది, పేరును వదులుకోలేదు. అంటే ఈ ఆచారం ప్రేమలోంచి మాత్రమే పుట్టలేదు, ఆస్తిలోంచీ అధికారంలోంచీ పుట్టింది.

మిషనరీల దగ్గరినుంచి వచ్చింది ఇదొక్కటే కాదన్నది కూడా చెప్పాలి. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ గారి పేరు తెలియని తెలుగు బాప్టిస్టు ఉండరు. 1878 జూలైలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్ర ఆయనది. ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఎంతమందికి తెలుసు? స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందిన విదుషి. 1899లో మాదిగ ప్రజల జీవితం మీద, వారి విశ్వాస ప్రయాణం మీద పుస్తకం రాశారు. సామాజిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సోదరి. తన పుస్తకాల మీద ఆమె పేరు ‘ఎమ్మా రౌషెన్‌బుష్-క్లౌ’ అని ఉంటుంది. పుట్టింటి పేరు ముందు, భర్త పేరు తరువాత, మధ్యలో చిన్న గీత. నూట ఇరవై ఏళ్ళకు పైబడిన కిందటే, ఒక మిషనరీ భార్య రెండు పేర్లనూ నిలబెట్టుకుంది. అందువల్ల ఆమె పరిచర్యకు వచ్చిన లోటేమీ లేదు.

మన పెద్దల్లోనూ పలు దారులు కనిపిస్తాయి. రాజ్యాంగ సభ చర్చల పుస్తకాల్లో రాజమండ్రి బిడ్డ ‘జి. దుర్గాబాయి’గా కనిపిస్తారు. చింతామణి దేశ్‌ముఖ్‌తో పెళ్ళి 1953లో. ఆ తరువాత పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ తరం విద్యార్థి ఎవరైనా ఆ చర్చల్లో ‘దేశ్‌ముఖ్’ అని వెతికితే దొరికేది విదర్భకు చెందిన పంజాబ్‌రావు దేశ్‌ముఖ్. మహాకవి గుర్రం జాషువా గారి కుమార్తె హేమలత, గోరా గారి కుమారుడు లవణంను పెళ్ళాడి హేమలతా లవణం అయ్యారు. గుర్రం వారి పేరు కాదు, గోపరాజు వారి పేరూ కాదు. కులాన్ని చెప్పే ఇంటిపేర్లు రెండూ వదిలి జీవిత సహచరుడి పేరు కలుపుకున్నారు. జోగిని దురాచారంతో పోరాడిన ఆమెను ఎవరూ అణగిన స్త్రీ అనలేరు. పండిత రమాబాయిని ప్రపంచం తండ్రి ఇంటిపేరుతోనూ, భర్త ఇంటిపేరుతోనూ కాక, ఆమె చదువుకు దక్కిన బిరుదుతో పిలిచింది. కాబట్టి పేరు మార్చుకున్నవారిని తక్కువగా చూడమని మేము అనడం లేదు. ఆ స్త్రీలు ఎంచుకున్నారు. ఎంచుకునే వీలు ఉండటమే మేము అడిగేది.

వాక్యం చెప్పేది

మొదట ఆదికాండము 2:24 చూద్దాం. తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకునేవాడు ఎవరు? పురుషుడు. మన పెళ్ళిళ్ళలో ఈ వచనం ప్రతిసారీ చదువుతాం. చదవడం అయ్యాక అమ్మాయిని ఇల్లు విడవమంటాం, పేరు విడవమంటాం. వచనం ఒకవైపు, ఆచరణ మరొకవైపు.

“ఇద్దరూ ఏకశరీరం కదా, ఒకే పేరు ఉండాలి” అనేవారు ఆదికాండము 5:2 కూడా చూపిస్తారు. దేవుడు స్త్రీ పురుషులిద్దరికీ ఒకే పేరు పెట్టాడని అక్కడ ఉంది. నిజమే. ఆ పేరు పెట్టింది దేవుడు, అది మానవజాతి పేరు. పురుషుడి ఇంటిపేరు కాదు. ఇద్దరినీ సమానంగా తన స్వరూపంలో చేసినవాడు ఇద్దరినీ సమానంగా పిలిచిన పేరు అది. దాన్ని ఒకరి పేరు చెరిపేయడానికి ఆధారంగా వాడటం న్యాయం కాదు.

బైబిలులో పెళ్ళయిన స్త్రీలు ఎలా పిలువబడ్డారు? రూతు బోయజును పెళ్ళాడే ఘట్టంలో కూడా మోయాబీయురాలైన రూతే. మరియ మగ్దలేనే ఊరి పేరుతో గుర్తింపు పొందింది. యోహన్నను కూజా భార్య అని, ఇంకొక మరియను క్లోపా భార్య అని చెప్పిన చోట్లు ఉన్నాయి. ప్రిస్కిల్ల, అకుల దంపతుల్లో చాలా చోట్ల భార్య పేరే ముందు వస్తుంది. రోమా 16లో పౌలు ఫీబేను, యూనీయను, మరియను, పెర్సిసును పేరుపేరునా తలుచుకున్నాడు. అంటే లేఖనంలో ఒకే పద్ధతి లేదు. ఆజ్ఞ అసలే లేదు.

ఎజ్రా 2:61లో ఒక సంగతి ఉంది, మన ప్రసంగాల్లో ఎప్పుడూ వినిపించదు. గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెల్లో ఒకతెను పెళ్ళి చేసుకున్న యాజకుడు ఆ మామగారింటి పేరుతో పిలువబడ్డాడు. నెహెమ్యా 7:63లోనూ అదే మాట. భార్య ఇంటిపేరు తీసుకున్న మగవాడు బైబిలులో ఉన్నాడు, ఆయన యాజక వంశస్థుడు కూడా. దీన్ని అందరూ పాటించమని మేము చెప్పడం లేదు. భర్త పేరు తీసుకోవడమే బైబిలు పద్ధతి అనేవారు ఈ వచనాన్ని కూడా చదవాలని మాత్రం అడుగుతున్నాం.

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు నిలబడ్డారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు పోవాలి, మాకు స్వాస్థ్యం ఎందుకు ఉండకూడదు అని అడిగారు. వారు న్యాయమే అడుగుతున్నారని దేవుడే చెప్పాడు. పేరుకూ ఆస్తికీ ఉన్న ముడిని ఈ ఐదుగురూ మనకంటే ముందే గుర్తించారు. మన ఇళ్ళలో “ఆమె ఇప్పుడు వాళ్ళింటి పిల్ల” అన్న మాట ఎక్కువగా వినిపించేది పొలం పంచే రోజునే. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద, వీలునామా లేనప్పుడు కూతురికీ కొడుకుకూ సమాన వాటా. కేరళలో మేరీ రాయ్ 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచింది ఈ సమానత్వం కోసమే. ఇంటిపేరు మారితే వాటా పోదు. ఏ చెల్లెలికైనా అలా చెప్పిన అన్న ఉంటే, అతడు చెప్పింది చట్టమూ కాదు, సువార్తా కాదు.

యెషయా 4:1లో ఇంకో దృశ్యం ఉంది. యుద్ధంలో మగవాళ్ళు కూలిపోయాక, ఏడుగురు స్త్రీలు ఒక్క పురుషుణ్ణి పట్టుకుని, మా తిండి మేము తింటాం, మా బట్టలు మేము కట్టుకుంటాం, నీ పేరు మాత్రం మాకు ఇచ్చి మా నింద తొలగించమని వేడుకుంటారు. ప్రవక్త దాన్ని ఆశీర్వాదంగా రాయలేదు, తీర్పు దినపు దుస్థితిగా రాశాడు. మగవాడి పేరు లేకపోతే స్త్రీకి గౌరవం లేని సమాజం శాపగ్రస్తమైన సమాజం. అదే యెషయా 56:5లో, కుమారులూ కుమార్తెలూ ఉండటం కంటె శ్రేష్ఠమైన పేరు నేనిస్తానని ప్రభువు సంతానం లేనివారికి మాట ఇచ్చాడు.

హాగరును గుర్తు చేసుకోండి. ఆ కథలో శారయి ఆమెను దాసి అంటుంది, అబ్రాము దాసి అంటాడు. అరణ్యంలో పేరు పెట్టి పిలిచినది ప్రభువు దూత ఒక్కడే. యజమానులు పేరు మరచిన స్త్రీని దేవుడు పేరుతో పిలిచాడు. మన సంఘం ఎవరి పక్షం?

మాకు వచ్చే అభ్యంతరాలు

“పుట్టింటి పేరు మాత్రం ఎవరిది? అదీ ఒక మగవాడిదే, తండ్రిదే కదా” అని కొందరు అడుగుతారు. ఇది గట్టి ప్రశ్న. నిజమే, ఆ పేరూ తండ్రి వైపునుంచే వచ్చింది. కానీ అన్నకు కూడా అది తండ్రి వైపునుంచే వచ్చింది. అయినా దాన్ని మనం ‘అతని పేరు’ అంటాం, ‘అతని తండ్రి పేరు’ అనం. పాతికేళ్ళు ఆ పేరుతో బడికి వెళ్ళి, పరీక్షలు రాసి, బాప్తిస్మం తీసుకుని, ఉద్యోగం చేసిన స్త్రీకి అది ఎందుకు ఆమె పేరు కాకుండా పోతుంది? ఇద్దరికీ ఒకే కొలత పెట్టాలి.

“పిల్లల సంగతేమిటి?” అనేది రెండోది. తమిళ క్రైస్తవ ఇళ్ళలో తాతది ఒక ఇనీషియల్, తండ్రిది మరొకటి, మనవడిది ఇంకొకటి. ఆ కుటుంబాలు కూలిపోలేదు. పిల్లలకు తండ్రి ఇంటిపేరు పెట్టవచ్చు, తల్లిది పెట్టవచ్చు, రెండూ కలపవచ్చు. భార్యాభర్తలు మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం అది. ఇల్లు నిలిచేది ప్రార్థన మీద, నమ్మకం మీద, ఒకరి మాట ఒకరు వినడం మీద.

“ఎఫెసీ 5లో లోబడమని ఉంది” అనేది మూడోది. ఆ భాగం 22వ వచనంతో మొదలు కాదు. 21వ వచనంలో ఒకరికొకరు లోబడమని ఉంది. 25లో భర్త తన్ను తాను అప్పగించుకోవాలని ఉంది. ఎవరు ఏది వదులుకోవాలో లెక్క వేస్తే ఆ అధ్యాయంలో భర్త లెక్కే పెద్దది.

కులం మాట దాటవేయలేము

తెలుగువాళ్ళ మధ్య ఇంటిపేరు గురించి మాట్లాడుతూ కులం ఊసెత్తకపోతే అది సగం నిజమే. “మీ ఇంటిపేరేమిటి?” అన్న ప్రశ్నకు వెనక ఉన్న అసలు ప్రశ్న ఏమిటో మనందరికీ తెలుసు. గుడి మెట్ల మీద కూడా ఆ ప్రశ్న వినిపిస్తుంది. 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో పెరియార్ ఆత్మగౌరవ మహాసభ కులం తోకలు వదిలేయాలని తీర్మానించింది. అదే సభ స్త్రీలకు ఆస్తిలో సమాన హక్కు కావాలనీ కోరింది. ఈ రోజు తమిళనాట పేర్ల చివర కులం కనిపించకపోవడానికి ఆ ఉద్యమం ఒక కారణం. గలతీ 3:28 చేతిలో పెట్టుకున్న మన తెలుగు సంఘాలు మాత్రం బాప్తిస్మం పేరు చివర కూడా తోకలు మోస్తున్నాయి.

కులాంతర వివాహాల్లో ఈ బరువు ఎక్కువగా అమ్మాయి మీదే పడుతుంది. దళిత క్రైస్తవ యువతి వేరే కులం ఇంటికి కోడలైతే, పేరు మార్చడం ప్రేమ గుర్తుగా కాక ఆనవాలు చెరపడానికి జరుగుతుంది. ఆమె ఇంటిపేరు శుభలేఖలో చిన్నదైపోతుంది, అత్తవారింట అసలే వినిపించదు. పెళ్ళితో కులం మారదని, అది పుట్టుకతో వచ్చేదని సుప్రీంకోర్టు 2018లోనూ చెప్పింది. పేరు మార్చినా సమాజం ఆమె పుట్టుకను మరచిపోదు, ఆమెను మాత్రం మరచిపొమ్మంటుంది. బబులోనులో దానియేలుకూ అతని స్నేహితులకూ పేర్లు మార్చినది కూడా వాళ్ళెవరో వాళ్ళు మరచిపోవాలనే. ఇంకొక వైపు, అవమానాలు పడి పడి విసిగి, కొత్త పేరు వెనక కొంచెం ఊపిరి పీల్చుకోవాలనుకునే చెల్లెళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. తప్పు పట్టవలసింది అడిగేవాళ్ళను. దక్షిణ తమిళనాడులో తెలుగు మాట్లాడే అరుంధతీయుల్లో చాలామందికి రికార్డుల్లో చూపడానికి ఇంటిపేరే లేదు. ఆ తల్లులకు ఏ పేరు ఉంచుకోవాలన్నది కాదు ప్రశ్న, ఉన్న ఒక్క పేరును గౌరవంగా పిలుస్తారా అన్నది ప్రశ్న.

మనం చేయగలిగినవి

కాపరులకూ సంఘ పెద్దలకూ కొన్ని మనవులు. వివాహానికి ముందు ఇచ్చే ఉపదేశంలో పేరు విషయం మీరే ఎత్తండి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి అడగండి. అత్తగారో మామగారో ముందున్నప్పుడు కాదు, అమ్మాయి నిర్భయంగా మాట్లాడగలిగినప్పుడు అడగండి. ప్రభుత్వానికి పంపే నమూనాను మనం మార్చలేకపోవచ్చు. సంఘం సొంతంగా ఉంచుకునే రిజిస్టరులో తల్లుల పేర్లకు గడి గీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పెళ్ళి అయిన ఆదివారమే సభ్యత్వ పట్టికలో అమ్మాయి పేరు దిద్దకండి. ఆమె చెప్పినప్పుడు, ఆమె చెప్పినట్టే రాయండి. వేదిక మీద స్త్రీని ఆమె పేరుతో పిలవండి. సమాధి రాయి మీద ‘ఫలానావారి భార్య’ అని మాత్రమే చెక్కించే అలవాటు మానండి. నలభై ఏళ్ళు ఆదివారపు బడి నడిపిన తల్లి పేరు ఆ రాయి మీద ఉండాలి.

యువకులకు ఒక మాట. నీ కాబోయే భార్యను “నువ్వు మార్చుకుంటావు కదా” అని అడగడం అడగడం కాదు. జవాబు ముందే చెప్పి ప్రశ్న వేసినట్టు. “నీకు ఎలా ఇష్టం?” అని అడుగు. ఆమె ఉంచుకుంటానంటే మీ అమ్మానాన్నలకు చెప్పవలసింది నువ్వు. ఆ బరువు ఆమె మీద వేయకు.

యువతులకు. మార్చుకోవాలని మనసారా ఉంటే మార్చుకోండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఉంచుకోవాలనుంటే ఉంచుకోండి, అది తిరుగుబాటు కాదు. ఏది చేసినా చదువు పత్రాలు, ఆధార్, పాన్, బ్యాంకు, పొలం కాగితాలు అన్నీ ఒకే పేరుతో ఉండేలా చూసుకోండి. ఎవరైనా తొందరపెడితే ఆగండి. పెళ్ళికి గడువు ఉంటుంది, పేరు మార్పుకు గడువు లేదు.

ప్రకటన 2:17లో ప్రభువు జయించినవారికి తెల్లని రాతి మీద కొత్త పేరు చెక్కి ఇస్తానన్నాడు. పొందినవారికి తప్ప మరెవరికీ తెలియని పేరు అది. భార్యకు ఒక రాయి, భర్తకు ఒక రాయి. ఇద్దరికీ కలిపి ఒకటి కాదు. నిత్యత్వంలో ప్రతి మనిషినీ విడిగా పేరు పెట్టి పిలిచే దేవుణ్ణి ఆరాధించే సంఘం, తన ఆడబిడ్డలను ఈ లోకంలో వారి పేరుతో పిలవడానికి వెనకాడకూడదు. ఈ పెళ్ళిళ్ళ కాలంలో మీ గుడిలో రిజిస్టరు తెరిచే ముందు, పెన్ను ఆమె చేతికిచ్చే ముందు, ఆ ఒక్క ప్రశ్న అడగండి: “అమ్మా, నీ పేరు ఎలా రాయమంటావు?” ఆమె చెప్పినది రాయండి.